జ్వరం తగ్గకుండానే ఈఎస్ఆర్ తగ్గితే ఊరట చెందకండి

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు, బరువు 18 కిలోలు. నాలుగో ఏట సిస్టమిక్ జువెనైల్ ఆర్థ్రైటిస్ (జ్వరంతో ఒళ్లంతటినీ పట్టే పిల్లల కీళ్లవాతం) అని తేలింది. ఐదు నెలల కిందట గొంతునొప్పి, జ్వరంతో మొదలై నాలుగో రోజుకల్లా ఐసీయూలో చేర్చాల్సి వచ్చింది. ఈబీవీ అనే వైరస్ సోకిందనీ, దాంతో మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ (క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు అదుపు తప్పడం) మొదలైందనీ చెప్పారు. అంతకుముందు రెండు రోజుల రిపోర్టుల్లో ఈఎస్ఆర్ (ఒంట్లో జబ్బు రేగిందేమో చూపే రక్తపరీక్ష) తగ్గింది, ప్లేట్‌లెట్లు నార్మల్‌లోనే ఉన్నాయి. మేం గండం గడిచిందనుకున్నాం. ఇన్‌ఫెక్షన్ ఉండగానే అంత స్టెరాయిడ్ ఎందుకిచ్చారో ఇప్పటికీ అర్థం కాలేదు. ఇప్పుడు రోజుకు 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే మందులు వారానికోసారి మెథోట్రెక్సేట్, రెండు వారాలకోసారి టోసిలిజుమాబ్ నడుస్తున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు జ్వరం వస్తే ఈ మందులన్నీ ఆపేయమంటున్నారు. మామూలు జ్వరమేదో, ప్రమాదకరమైనదేదో ఎలా తెలుసుకోవాలి? బడికి పంపవచ్చా? టీకాలు వేయించవచ్చా?

జవాబు: ముందు ఆ రిపోర్టుల సంగతి చూద్దాం. మీ ప్రశ్నలన్నిటికీ మూలం అక్కడే ఉంది. మీరు ఊరట చెందడంలో తప్పేమీ లేదు. ల్యాబ్ కాగితం మీద అంకె నార్మల్ పరిధిలో ఉంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ మీ పాపకున్న జబ్బులో ఆ పరిధిని నమ్ముకోకూడదు. పాప అంకెను పాప పాత అంకెతోనే పోల్చాలి.

సిస్టమిక్ ఆర్థ్రైటిస్ రేగినప్పుడు ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, ఐదారు లక్షలుండటం మామూలే. తెల్లకణాలూ, ఈఎస్ఆర్, జబ్బు రేగినప్పుడు కాలేయం తయారు చేసే సీఆర్‌పీ అనే ప్రొటీన్ కూడా పెరుగుతాయి. అలాంటి బిడ్డకు ప్లేట్‌లెట్లు రెండు లక్షలున్నాయంటే కాగితం మీద అది నార్మల్, బిడ్డ శరీరంలో మాత్రం సగానికి పైగా పడిపోయిన లెక్క. ఈఎస్ఆర్ మోసం ఇంకా పెద్దది. ఆ పరీక్షలో రక్తాన్ని సన్నని గొట్టంలో నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో కొలుస్తారు. రక్తంలో ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్) ఎక్కువగా ఉంటే ఎర్రకణాలు నాణేల దొంతరల్లా అతుక్కుని బరువెక్కి త్వరగా దిగుతాయి. అందుకే జబ్బు రేగితే ఈఎస్ఆర్ పెరుగుతుంది. మాక్రోఫేజ్ యాక్టివేషన్ మొదలయ్యాక ఆ ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది, దెబ్బతిన్న కాలేయం కొత్తది సరిగా తయారు చేయలేదు. దొంతరలు కట్టని కణాలు నెమ్మదిగా దిగుతాయి, ఈఎస్ఆర్ తగ్గుతుంది. ఇది జబ్బు తగ్గుముఖం పట్టి వచ్చిన తగ్గుదల కాదు, ముదిరి వచ్చినది. జ్వరం, సీఆర్‌పీ అలాగే ఉండి ఈఎస్ఆర్ ఒక్కటే దిగిందంటే అనుభవమున్న డాక్టర్ కంగారు పడేది అందుకే.

ఇలాంటి బిడ్డ రిపోర్టులు మూడు రోజులవి పక్కపక్కన పెట్టి చూస్తే ఎలా ఉంటాయో ఉదాహరణగా చెబుతాం. మొదటి రోజు ప్లేట్‌లెట్లు 5,60,000, ఈఎస్ఆర్ 90, సీఆర్‌పీ 110, కాలేయ ఎంజైమ్ ఏఎస్‌టీ 40, ఇనుమును నిల్వ చేసే ప్రొటీన్ ఫెరిటిన్ 900. రెండో రోజు ప్లేట్‌లెట్లు 3,10,000, ఈఎస్ఆర్ 55, సీఆర్‌పీ 130, ఏఎస్‌టీ 95, ఫెరిటిన్ 3,800. మూడో రోజు ప్లేట్‌లెట్లు 1,60,000, ఈఎస్ఆర్ 20, సీఆర్‌పీ 140, ఏఎస్‌టీ 240, ఫెరిటిన్ 14,000. రెండో రోజు కాగితాన్ని ఒంటరిగా చూసినవాళ్లకు ప్లేట్‌లెట్లు బాగున్నట్టే ఉంటాయి. మొదటి రోజుది పక్కన పెడితేనే జారుడు కనిపిస్తుంది. నిర్ణయం తీసుకోవాల్సింది ఆ రెండో రోజే.

2016లో ఐరోపా, అమెరికా రుమటాలజీ సంఘాలు, పిల్లల రుమటాలజీ పరిశోధన బృందం కలిసి ఈ సిండ్రోమ్‌కు కొలతలు ఖాయం చేశాయి. సిస్టమిక్ ఆర్థ్రైటిస్ ఉన్న, లేదా ఉందని అనుమానమున్న బిడ్డకు జ్వరం ఉండి, ఫెరిటిన్ మిల్లీలీటరుకు 684 నానోగ్రాములు దాటి ఉండాలి. దానికి తోడు నాలుగింటిలో ఏ రెండైనా కనిపించాలి: ప్లేట్‌లెట్లు 1,81,000 లేదా అంతకు తక్కువ, ఏఎస్‌టీ 48 కన్నా ఎక్కువ, రక్తంలోని కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 156 మి.గ్రా. కన్నా ఎక్కువ, ఫైబ్రినోజెన్ 360 మి.గ్రా. లేదా అంతకు తక్కువ. చివరి అంకె గమనించండి. చాలా ల్యాబుల్లో ఫైబ్రినోజెన్ 200 నుంచి 400 దాకా నార్మల్ అని అచ్చువేస్తారు. అంటే 340 వస్తే ల్యాబ్ కాగితం ఏ గుర్తూ పెట్టదు. ఇంకో మాట, ఇవి వర్గీకరణ కోసం పెట్టుకున్న కొలతలు. ఒక అంకె ఇంకా గీత దాటలేదని చికిత్స ఆపి కూర్చోకూడదు, అంకెలు ఎటు జారుతున్నాయన్నదే ఎక్కువ చెబుతుంది. అనుమానం వచ్చిన దశలో 12 నుంచి 24 గంటలకోసారి పరీక్షలు మళ్లీ చేసేది అందుకే.

ఇక ఒక వైరస్ ఇంత పని ఎలా చేసిందన్నది. వైరస్ సోకిన కణాన్ని చంపాల్సిన బాధ్యత తెల్లకణాల్లోని ఎన్‌కే కణాలదీ, కొన్ని టీ కణాలదీ. అవి ఆ కణానికి అతుక్కుని, పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో దాని గోడకు రంధ్రం చేసి, లోపలికి విషం లాంటి ఎంజైమ్‌లు పంపి, పని ముగించి విడిపోతాయి. సిస్టమిక్ ఆర్థ్రైటిస్ ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ చంపే పని మందంగా ఉంటుంది. కొందరికి ఆ దారికి సంబంధించిన జన్యువుల్లోనే చిన్న తేడాలుంటాయి. చంపలేక, వదలలేక అతుక్కుపోయిన కణం అంతసేపూ ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి రసాయనాలను కుమ్మరిస్తూనే ఉంటుంది. వాటితో మాక్రోఫేజ్‌లు రెచ్చిపోయి ఇంకొన్ని రసాయనాలు వదులుతాయి, చివరికి సొంత రక్తకణాలనే మింగడం మొదలుపెడతాయి. రక్తకణాలు పడిపోవడం, కాలేయం, ప్లీహం ఉబ్బడం, ఫెరిటిన్ వేలల్లోకి ఎక్కడం అన్నీ దాని ఫలితాలే. ఈబీవీ తెల్లకణాల్లోనే కాపురం పెట్టే వైరస్ కాబట్టి ఈ జబ్బుకు అది పేరుమోసిన ప్రేరకం. సీఎంవీ, ఫ్లూ, ఆటలమ్మ, పార్వో వైరస్, కోవిడ్, డెంగీ కూడా ఈ పని చేయగలవు. బాక్టీరియా ఇన్‌ఫెక్షన్లూ, టీబీ, మలేరియా, కాలా అజార్ అనే పరాన్నజీవి జ్వరం కూడా ఈ జాబితాలో ఉన్నాయి. కాలా అజార్‌ను ప్రత్యేకంగా వెతకాలి, దానికి సొంత మందు ఉంది, ఆ మందు పడితే ఈ మంటా చల్లారుతుంది. ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండా జబ్బు రేగడం వల్లే సిండ్రోమ్ వచ్చే పిల్లలూ ఉన్నారు. లూపస్, కవసాకి జబ్బులున్న పిల్లల్లోనూ ఇది వస్తుంది.

ఇన్‌ఫెక్షన్‌లో స్టెరాయిడ్ ఎందుకన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. నాలుగో రోజుకు మీ పాప కాలేయాన్నీ రక్తాన్నీ దెబ్బతీస్తున్నది వైరస్ కన్నా ఎక్కువగా ఈ ఆగని ప్రతిస్పందన. దాన్ని ఆపకపోతే వైరస్ పోయేదాకా బిడ్డ తట్టుకోలేదు. అందుకే మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌ను కిలోకు 30 మి.గ్రా. చొప్పున, రోజుకు గరిష్ఠంగా 1 గ్రాము దాకా, మూడు నుంచి ఐదు రోజులు నరం ద్వారా ఇస్తారు. 18 కిలోల బిడ్డకు అది రోజుకు 540 మి.గ్రా. చూడటానికి భయం వేసే డోసే, కానీ ఇక్కడ ప్రాణం నిలిపేది అదే. దానితో సరిపోకపోతే అనాకిన్రా, సైక్లోస్పోరిన్, ఇమ్యునోగ్లోబ్యులిన్ లాంటివి చేరుస్తారు. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) తీసి, బాక్టీరియా లేదని తేలేదాకా యాంటీబయాటిక్ కూడా నడపడం సరైన పద్ధతి. ఇన్‌ఫెక్షనా, జబ్బు రేగడమా, మాక్రోఫేజ్ యాక్టివేషనా అని ఒక్కటే తేల్చాలని పట్టుబట్టడం వల్ల విలువైన గంటలు పోతాయి, ఎందుకంటే మూడూ ఒకేసారి ఉండగలవు. ఎముక మజ్జ పరీక్షలో కణాలను మింగే మాక్రోఫేజ్‌లు కనిపించలేదని చెప్పి ఈ జబ్బు కాదనడానికీ లేదు. మొదటి రోజుల్లో అవి చాలామందిలో కనిపించవు.

ఇప్పుడు మీరు ఇంట్లో చేయగలిగింది. జ్వరం మొదలైన గంట నుంచి ఒక కాగితం మీద నాలుగు గంటలకోసారి ఉష్ణోగ్రత రాయండి, పారాసిటమాల్ వేసే ముందు తప్పనిసరిగా చూసి రాయండి. పక్కన ఒక్క మాట చేర్చండి: జ్వరం దిగినప్పుడు పాప ఎలా ఉంది? ఈ మాట అంకె కన్నా విలువైనది. సిస్టమిక్ ఆర్థ్రైటిస్ జ్వరం రోజుకు ఒకసారో రెండుసార్లో, ఎక్కువగా సాయంత్రం, 102 డిగ్రీలు దాటి లేచి, మళ్లీ నార్మల్‌కో అంతకన్నా కిందికో దిగుతుంది. ఎక్కినప్పుడు సాల్మన్ చేప రంగు, అంటే లేత నారింజ గులాబీ మచ్చలు వచ్చి, దిగినప్పుడు మాయమవుతాయి. దిగాక బిడ్డ లేచి ఆడుకుంటుంది. మామూలు వైరల్ జ్వరంలోనూ మందు పడి జ్వరం తగ్గితే బిడ్డ నీళ్లు తాగుతుంది, బొమ్మ అడుగుతుంది. మాక్రోఫేజ్ యాక్టివేషన్‌లో ఆ దిగడం ఆగిపోతుంది. మందు వేసినా 101, 102 దగ్గరే రోజంతా నిలబడిపోతుంది, కాస్త తగ్గినా బిడ్డ మంచం దిగదు. కీళ్ల నొప్పులు ఉన్నట్టుండి తగ్గినట్టు కనిపించడం కూడా దీనిలో ఉంటుంది, దాన్నీ మంచి వార్తగా తీసుకోకండి.

పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున మీ పాపకు ఒక డోసు 270 మి.గ్రా., రెండు డోసుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజులో నాలుగుకు మించకూడదు. సిరప్‌లు ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతాయి: 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్నదైతే 5.4 మి.లీ., 120 మి.గ్రా. ఉన్నదైతే 11 మి.లీ. చొప్పున పడాలి. సీసా మారినప్పుడు చెంచా లెక్క మార్చకపోవడం తరచూ జరిగే పొరపాటు. కాలేయ ఎంజైమ్‌లు పెరిగి ఉన్నాయని తెలిస్తే ఈ డోసు కూడా డాక్టర్‌ను అడిగాకే ఇవ్వండి. కీళ్ల నొప్పికి ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్‌ను జ్వరం రోజుల్లో సొంతంగా వేయకండి. ప్లేట్‌లెట్లు జారుతుంటే రక్తస్రావానికి దారితీస్తుంది, ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలకు చేటు. ఆస్పిరిన్ అసలు వద్దు.

ఈ మందులు వాడుతున్న మీ పాపకు 100.4 డిగ్రీలు దాటిన ఏ జ్వరమైనా సరే, అదే రోజు మీ రుమటాలజీ డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిన జ్వరమే. కొన్ని కనిపిస్తే ఫోన్ దగ్గర ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం రావడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చర్మం మీద ఎర్రటి చుక్కలు. పారదర్శకంగా ఉన్న గాజు గ్లాసును ఆ చుక్కల మీద అదిమి చూడండి. గ్లాసు గుండా చూసినప్పుడు రంగు పోకుండా అలాగే ఉంటే అది చర్మంలోకి చిమ్మిన రక్తం, జ్వరపు మచ్చ కాదు. మత్తుగా పడి ఉండటం, అర్థం లేకుండా మాట్లాడటం, తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, ఆయాసం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, కళ్లు పచ్చబడటం, పొట్ట కుడి ఎగువన ఉబ్బి ముట్టుకోనివ్వకపోవడం కూడా అలాంటివే. తెల్లారాక చూద్దామని ఆగకండి.

ఇక టోసిలిజుమాబ్ గురించి జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఐదు నెలల కిందట నేర్చుకున్న పాఠాన్ని ఈ మందు సగం మార్చేస్తుంది. కాలేయం సీఆర్‌పీని తయారు చేయడానికి ఐఎల్-6 అనే రసాయనం ఆజ్ఞ ఇవ్వాలి. ఈ మందు ఆ ఆజ్ఞనే అడ్డుకుంటుంది. కాబట్టి న్యుమోనియా ఉన్నా సీఆర్‌పీ సున్నా దగ్గర ఉండవచ్చు. ఫైబ్రినోజెన్, ఈఎస్ఆర్ కూడా మందు వల్లే తక్కువగా ఉంటాయి. జ్వరం కూడా మందకొడిగా రావచ్చు, రాకపోనూ వచ్చు. ఫెరిటిన్ పెరిగినా మందు లేనివాళ్లలో పెరిగినంత ఎత్తుకు పెరగకపోవచ్చు. "సీఆర్‌పీ లేదు, ఇన్‌ఫెక్షన్ లేదు" అని ఎవరైనా పంపించబోతే, ఈ మందు పేరు చెప్పి ఫెరిటిన్, ప్లేట్‌లెట్లు, ఏఎస్‌టీ చూడమని అడగండి. అలా అడగడం మీ హక్కు, ఏ డాక్టరూ దాన్ని తప్పుపట్టరు. దీనికి ముందుచూపు ఒకటుంది: పాప బాగున్న రోజుల్లో, ప్రతి డోసుకు ముందు తీసే రక్తపరీక్షల్లో ఫెరిటిన్‌ను కూడా చేర్చమని అడిగి, ఆ అంకెలను ఒకచోట రాసి ఉంచండి. ఈ మందు కూడా ప్లేట్‌లెట్లను కొంచెం తగ్గించగలదు, ఎంజైమ్‌లను కొంచెం పెంచగలదు. అందుకే మందు మీద ఉండగా తీసిన ఆరోగ్యపు రోజుల అంకెలే మీకు కొలబద్ద.

జ్వరం వస్తే మందులన్నీ ఆపేయాలన్న మాటలో సగం నిజం ఉంది, సగం ప్రాణాంతకం. మెథోట్రెక్సేట్ డోసు రోజు జ్వరం ఉంటే ఆ వారం వాయిదా వేయవచ్చు. ఒక వారం తప్పితే కీళ్లకు పెద్ద నష్టం లేదు. టోసిలిజుమాబ్‌ను ఇన్‌ఫెక్షన్ తగ్గేదాకా ఆపాలో లేదో డాక్టర్ చెబుతారు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో ఆపుతారు. ప్రెడ్నిసొలోన్‌ను మాత్రం ఒక్క రోజు కూడా ఆపకూడదు. వారాల తరబడి స్టెరాయిడ్ వేసుకున్న బిడ్డలో అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసోల్ (శరీరపు సొంత స్టెరాయిడ్) తయారు చేయడం మానేసి ఉంటాయి. జ్వరంలో శరీరానికి కార్టిసోల్ మామూలు కన్నా ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే బయటి నుంచి వచ్చేది కూడా ఆపితే రక్తపోటు, చక్కెర రెండూ పడిపోయి బిడ్డ సోలిపోతుంది. చాలామంది పిల్లలకు జ్వరం రోజుల్లో డోసు పెంచాల్సి వస్తుంది. ఎంతకు పెంచాలో ముందుగానే రాయించుకోండి. మందు వేసిన అరగంటలోపు కక్కితే అదే డోసు మళ్లీ ఇవ్వండి. రెండోసారీ కక్కితే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ కావాలి, ఈ వయసుకు సాధారణంగా 50 మి.గ్రా. దాని కోసం వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక పేరు గుర్తుంచుకోండి: కో-ట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్, చాలామంది సెప్ట్రాన్ అనే పిలుస్తారు. మెథోట్రెక్సేట్ వాడే బిడ్డకు చికిత్స డోసులో అది పడితే రెండూ కలిసి ఎముక మజ్జను అణిచేయగలవు. నోట్లో పుళ్లు లేస్తే, రక్తకణాలు పడిపోతే దీన్నీ అనుమానించాలి.

బడి మాన్పించకండి. ఈబీవీ లాంటి వైరస్‌లు ఇంట్లోవాళ్ల నుంచి, పంచుకున్న నీళ్ల సీసా నుంచి కూడా వస్తాయి. ఇంట్లో బంధించి ఉంచితే బిడ్డకు పోయేది చాలా ఎక్కువ. పాపకు విడిగా సీసా ఇవ్వండి, తినే ముందు చేతులు కడిగించండి. అంతకన్నా ముఖ్యంగా క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ, తట్టు వస్తే ఆ రోజే చెప్పమని టీచర్‌ను కోరండి. ఆటలమ్మ ఉన్న బిడ్డతో ఒకే గదిలో గడిపినా సోకినట్టే లెక్కించాలి. రక్షణ లేని బిడ్డకు ఇచ్చే ప్రత్యేక ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎంత త్వరగా పడితే అంత మేలు, పది రోజులు దాటితే ప్రయోజనం ఉండదు. తట్టుకైతే ఆరు రోజుల్లోపు. పాపకు ఆటలమ్మ వచ్చి పోయిందా, టీకా రెండు డోసులూ పడ్డాయా అన్నది ఇప్పుడే తేల్చుకోండి, అవసరమైతే యాంటీబాడీ పరీక్ష చేయించండి.

టీకాలు వేయించవచ్చు, వేయించాలి కూడా. సజీవ క్రిములు లేనివన్నీ ఈ మందుల మీద ఉండగానే ఇవ్వవచ్చు. న్యుమోకాకల్, ఏటా ఫ్లూ ఇంజెక్షన్ ముఖ్యమైనవి. తొమ్మిదేళ్లలోపు బిడ్డకు ఫ్లూ టీకా మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ముక్కులో కొట్టే ఫ్లూ టీకా, ఎంఎంఆర్, ఆటలమ్మ, చుక్కల పోలియో సజీవ టీకాలు, టోసిలిజుమాబ్ మీద ఉండగా వీటిని డాక్టర్ చెప్పకుండా వేయించకండి. మీరిద్దరూ, తోబుట్టువులూ మీ టీకాలు పూర్తి చేసుకుంటే పాప చుట్టూ కంచె కట్టినట్టే. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం మామూలే, 48 గంటలు దాటితే పైన చెప్పిన పరీక్షలు చేయించండి.

చివరగా ఒక పేజీ కాగితం తయారు చేసి, మీ ఫోన్‌లో ఫోటో తీసి, అసలుది పాప బ్యాగులో పెట్టండి. జబ్బు పేరు, ఇంతకుముందు మాక్రోఫేజ్ యాక్టివేషన్ వచ్చిన నెల, బరువు, ప్రతి మందూ దాని డోసూ ఉండాలి. స్టెరాయిడ్ ఆపవద్దు, సెప్ట్రాన్ వద్దు, సజీవ టీకాలు వద్దు అన్న మూడు మాటలు పెద్ద అక్షరాలతో రాయండి. జ్వరంతో వస్తే పూర్తి రక్తకణాల లెక్క, ఫెరిటిన్, ఏఎస్‌టీ, ఎల్‌డీహెచ్, ట్రైగ్లిజరైడ్లు, ఫైబ్రినోజెన్, డీ-డైమర్, సోడియం, బ్లడ్ కల్చర్ చూడాలని మీ డాక్టర్ చేత రాయించి సంతకం పెట్టించండి. పాప బాగున్నప్పటి అంకెలు వాటి పక్కనే ఉండాలి. అన్నిటికన్నా పైన, టోసిలిజుమాబ్ చివరిసారి వేసిన తేదీ. ప్రతి డోసు తర్వాత పాత తేదీ కొట్టేసి కొత్తది రాయండి. అర్ధరాత్రి మీ పాపను మొదటిసారి చూస్తున్న డాక్టర్ సీఆర్‌పీని నమ్మాలో వద్దో ఆ తేదీని బట్టే నిర్ణయించుకుంటారు.